ఓడ నడపని అధిపతి

సూరత్ పక్కన సువాలి రేవులో మొదలైన నౌకాదళానికి నేడు ఢిల్లీలో ఒక ప్రధాన కార్యాలయం, ముంబయి, విశాఖపట్నం, కొచ్చిలలో మూడు కమాండ్‌లు ఉన్నాయి. ఆదేశం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగాలి అన్నది ఈ కథనం.

సూరత్ జిల్లాలోని పల్సానా తాలూకాకు సముద్రతీరం లేకపోయినా, జాతీయ రహదారి వెంట వరుసగా నిలిచిన అక్కడి మగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులు నడిచేది సముద్రం మీద వచ్చే సరుకుతోనే. మిల్లుల్లో తయారయ్యే పాలిస్టర్ బట్టకు మూలం పెట్రోలియం; దేశానికి కావలసిన ముడిచమురులో సింహభాగం విదేశాల నుంచి ట్యాంకర్లలో దిగుమతి అవుతుంది; అందులో పెద్ద వాటా అరేబియా సముద్రం దాటి వస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా సూరత్ పరిసరాలకు వలస వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాల కూలి కూడా, ఆ లెక్కన, సముద్ర మార్గాల భద్రత మీద ఆధారపడినదే.

ఈ ప్రాంతానికీ తెలుగు నేలకూ నౌకాదళం పరంగా మరో బంధం ఉంది. 2025 జనవరి 15న నౌకాదళంలో చేరిన 'ఐఎన్ఎస్ సూరత్', గుజరాత్ నగరం పేరు పెట్టుకున్న తొలి యుద్ధనౌక. అది 'విశాఖపట్నం' శ్రేణికి చెందిన నాలుగో, చివరి నౌక. ఒకే నమూనా మీద కట్టిన నౌకలన్నింటినీ కలిపి శ్రేణి అంటారు, మొదటి నౌక పేరే శ్రేణికి వస్తుంది. సుమారు 7,400 టన్నుల ఈ క్షిపణి విధ్వంసక నౌకను నౌకాదళానికే చెందిన యుద్ధనౌకల రూపకల్పన సంస్థ రూపొందించగా, ముంబయిలోని మజగావ్ డాక్ నిర్మించింది. 2023 నవంబరులో సూరత్ నగరంలోనే ఆవిష్కరించిన దాని చిహ్నంలో హజీరా దీపస్తంభం, గిర్ సింహం కనిపిస్తాయి. ఇలాంటి నౌక కట్టాలని నిర్ణయించేది ఒకరు, దానికి సిబ్బందిని ఇచ్చేది మరొకరు, దాన్ని సముద్రం మీదికి పంపేది ఇంకొకరు. ఈ ముగ్గురినీ ఒక తాటి మీద నడిపే కార్యాలయమే నౌకాదళ ప్రధాన కార్యాలయం.

సువాలి నుంచి ఢిల్లీకి

భారత నౌకాదళం తన పుట్టుకను 1612 సెప్టెంబరు 5 నుంచి లెక్కిస్తుంది. తాపీ నది ముఖద్వారానికి ఉత్తరాన ఉన్న సువాలి రేవుకు ఈస్టిండియా కంపెనీ యుద్ధనౌకలు చేరుకున్నది అప్పుడే. ఆ ఏడాది నవంబరు చివర కెప్టెన్ థామస్ బెస్ట్ నాయకత్వంలోని నౌకలు పోర్చుగీసు దళాన్ని అక్కడే ఎదిరించి నిలవడంతో సూరత్‌లో కంపెనీ వర్తకానికి దారి తెరుచుకుంది. వర్తక నౌకలను పోర్చుగీసుల నుంచి, సముద్రపు దొంగల నుంచి కాపాడడానికి ఏర్పడిన ఆ చిన్న దళం కంపెనీ మెరైన్ అనిపించుకుని, 1686లో కంపెనీ వ్యవహారాలు బొంబాయికి తరలినప్పుడు బాంబే మెరైన్‌గా మారింది. ఆ రోజుల్లో దానికి అధిపతి అంటే కంపెనీ వర్తకుల మండలికి జవాబు చెప్పుకునే ఉద్యోగి. యుద్ధం అతని పనిలో ఒక భాగం మాత్రమే, మిగిలినది సరుకుకు కాపలా, తీరాల కొలత, జాబుల రవాణా.

తర్వాతి కాలంలో పేరు పదేపదే మారింది. 1830లో ఇండియన్ నేవీ, 1863లో మళ్లీ బాంబే మెరైన్, 1877లో హర్ మెజెస్టీస్ ఇండియన్ మెరైన్, 1892లో రాయల్ ఇండియన్ మెరైన్, 1934లో రాయల్ ఇండియన్ నేవీ. ఈ మార్పుల వెనుక ఉన్నది ఒకే తర్జనభర్జన: ఇండియాకు సొంత పోరాట దళం ఉండాలా, లేక బ్రిటిష్ నౌకాదళం కాపు కాస్తుంటే ఇక్కడ రవాణా, సర్వే పనులు చేసే దళం సరిపోతుందా అన్నది. రెండో ప్రపంచ యుద్ధం ఆ తర్జనభర్జనకు తెరదించింది. సముద్రం పక్కన ఉన్న బొంబాయిలో కూర్చుంటే యుద్ధ నిర్ణయాలు జరిగే చోటికి దూరమవుతున్నామని గ్రహించి 1941లో ప్రధాన కార్యాలయాన్ని ఢిల్లీకి తరలించారు. సముద్రానికి వందల మైళ్ల దూరాన నౌకాదళాధిపతి కార్యాలయం ఉండడం అప్పటి నుంచి స్థిరపడిన పద్ధతి.

ఆ దూరానికి మూల్యం చెల్లించవలసి వచ్చిన సందర్భం 1946 ఫిబ్రవరి 18న ఎదురైంది. బొంబాయిలోని 'తల్వార్' సిగ్నల్ శిక్షణ కేంద్రంలో నాసిరకం తిండి మీద, అధికారుల దుర్భాషల మీద నావికులు తిరగబడగా, అది రోజుల వ్యవధిలో అనేక నౌకలకూ తీర కేంద్రాలకూ పాకింది. అప్పటి అధిపతి వైస్ అడ్మిరల్ గాడ్‌ఫ్రే అవసరమైతే నౌకాదళం నాశనమైనా సరే లొంగదీస్తామని రేడియోలో హెచ్చరించడం ఆవేశాన్ని మరింత పెంచింది. నావికుల కంచంలో ఏముందో తెలియని ప్రధాన కార్యాలయం ఎంత బలహీనమో ఆ సమ్మె బయటపెట్టింది. సిబ్బంది వ్యవహారాలకు నేటి నౌకాదళంలో ఒక వైస్ అడ్మిరల్ స్థాయి అధికారి ప్రత్యేకంగా ఎందుకు ఉండాలో చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

1955లో మారిన హోదా

స్వాతంత్ర్యం తర్వాత కూడా పదేళ్లకు పైగా బ్రిటిష్ అడ్మిరల్సే భారత నౌకాదళానికి నాయకత్వం వహించారు. 1950 జనవరి 26న 'రాయల్' అన్న మాట తొలగిపోయింది. 1955లో పార్లమెంటు చేసిన చట్టంతో మూడు దళాల అధిపతులకూ 'కమాండర్-ఇన్-చీఫ్' హోదా రద్దయి, నౌకాదళంలో దాని స్థానంలో 'చీఫ్ ఆఫ్ ద నేవల్ స్టాఫ్' వచ్చింది. రాజ్యాంగం ప్రకారం రక్షణ దళాల సర్వోన్నత సారథ్యం రాష్ట్రపతిది, నిర్ణయాధికారం పార్లమెంటుకు జవాబుదారీ అయిన మంత్రివర్గానిది. కనుక దళాధిపతి ప్రభుత్వానికి తన దళం విషయంలో ముఖ్య సలహాదారు, ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని అమలుచేసే యంత్రాంగానికి అధినేత. వలస పాలనలో సేనానిగా ఉన్నవాడు గణతంత్రంలో సిబ్బంది కార్యాలయానికి పెద్ద అయ్యాడు.

ఆ కొత్త హోదాలో కూర్చున్న తొలి భారతీయుడు రామ్‌దాస్ కటారి. 1911 అక్టోబరు 8న చెంగల్పట్టులో జన్మించి, భారతీయులకు నౌకా శిక్షణ ఇచ్చేందుకు 1927లో ప్రారంభమైన 'డఫరిన్' శిక్షణ నౌక తొలి బృందంలో చేరిన ఆయన, 1956 అక్టోబరు 2న భారత యుద్ధనౌకల సముదాయానికి (ఫ్లీట్) నాయకత్వం వహించిన తొలి భారతీయుడయ్యారు; 1958 ఏప్రిల్ 22న నౌకాదళాధిపతి అయ్యారు. ఆయన హయాంలోనే, 1961 మార్చి 4న, దేశపు మొదటి విమానవాహక నౌక 'విక్రాంత్' సేవలో చేరింది. అదే ఏడాది డిసెంబరులో గోవా విముక్తిలో నౌకాదళం పాలుపంచుకుంది. నౌకాదళం నుంచి తప్పుకున్నాక ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షుడిగా, బర్మాలో భారత రాయబారిగా పనిచేసిన కటారి పేరు, ఆర్టీసీ బస్సెక్కే తెలుగువారిలో ఎక్కువమందికి తెలియదు.

బల్ల చుట్టూ ఎవరెవరు

నౌకాదళాధిపతి నాలుగు నక్షత్రాల అడ్మిరల్. పదవీకాలం మూడేళ్లు లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. ఆయన కింద ప్రధాన సిబ్బందాధికారులుగా వైస్ అడ్మిరల్స్ ఉంటారు. వైస్ చీఫ్ దీర్ఘకాలిక ప్రణాళిక, బడ్జెట్టు, కొత్త నౌకలు, ఆయుధాల అవసరాలు చూస్తూ అధిపతి లేనప్పుడు బాధ్యత వహిస్తారు. డిప్యూటీ చీఫ్ పరిధిలో సైనిక చర్యలు, గూఢచార సమాచారం, విదేశీ నౌకాదళాలతో సంబంధాలు ఉంటాయి. చీఫ్ ఆఫ్ పర్సనల్ భర్తీ, శిక్షణ, బదిలీ, పదోన్నతి, సంక్షేమం చూస్తే, చీఫ్ ఆఫ్ మెటీరియల్ డాక్‌యార్డులు, మరమ్మతులు, విడిభాగాలు, ఆయుధ నిల్వలు చూస్తారు. వీరితో పాటు యుద్ధనౌకల నిర్మాణాన్ని, సేకరణను పర్యవేక్షించే కంట్రోలర్, దెహ్రాదూన్ నుంచి సముద్రపు లోతుల పటాలు తయారుచేయించే ముఖ్య హైడ్రోగ్రాఫర్ ఉన్నారు. ఒక్కో ప్రధానాధికారి కింద రియర్ అడ్మిరల్స్, కమోడోర్లు విభాగాలను నడుపుతారు.

ఈ విభజన కాగితం మీద కనిపించేంత పొడిగా ఉండదు. ఒక విధ్వంసక నౌక తలంపు నుంచి సేవలోకి రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది; అంత కాలంలో అధిపతులు ముగ్గురు నలుగురు మారిపోతారు. ఒకరు సంతకం చేసిన నౌకను మరొకరు జలప్రవేశం చేయిస్తారు, మూడోవారు దాని మీద జెండా ఎగరేస్తారు. 2022 మే 17న జలప్రవేశం చేసిన 'సూరత్' సేవలో చేరేనాటికి అధిపతి మారిపోయి, 2024 ఏప్రిల్ 30న బాధ్యతలు చేపట్టిన 26వ అధిపతి అడ్మిరల్ దినేశ్ కుమార్ త్రిపాఠీ హయాం మొదలైంది. వ్యక్తులు మారినా పని ఆగకుండా చూడడమే సిబ్బంది కార్యాలయం ప్రయోజనం.

అంతటి కార్యాలయానికి సొంత ఇల్లు ఇటీవలి దాకా లేదు. సౌత్ బ్లాక్‌తో కలుపుకుని ఢిల్లీలో 13 వేర్వేరు చోట్ల చెదిరి ఉన్న విభాగాలను ఒక కప్పు కిందికి తెచ్చేందుకు ఢిల్లీ కంటోన్మెంట్‌లో నిర్మించిన 'నౌసేనా భవన్'ను 2024 మార్చి 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించారు. అధికారికంగా ఈ కార్యాలయం పేరు రక్షణ మంత్రిత్వశాఖ సమీకృత ప్రధాన కార్యాలయం, నౌకాదళ విభాగం. కార్గిల్ యుద్ధం తర్వాత జరిగిన సంస్కరణల్లో దళాల కార్యాలయాలు మంత్రిత్వశాఖకు బయటి అనుబంధాలుగా కాక, అందులో భాగంగా ఉండాలన్న ఉద్దేశంతో ఆ పేరు పెట్టారు.

సముద్రం మీద ఆదేశం ఎవరిది

ఢిల్లీ కార్యాలయం నౌకలను తయారుచేసి అప్పగిస్తుంది. వాటిని నడిపేది కమాండ్‌లు. ముంబయిలో పశ్చిమ, విశాఖపట్నంలో తూర్పు, కొచ్చిలో దక్షిణ నౌకాదళ కమాండ్‌లు ఉన్నాయి. దక్షిణ కమాండ్ ప్రధానంగా శిక్షణకు ఉద్దేశించినది. అండమాన్ నికోబార్‌లో 2001లో ఏర్పడిన కమాండ్ మూడు దళాలకూ ఉమ్మడిది. ఒక్కో నౌకాదళ కమాండ్‌కు 'ఫ్లాగ్ ఆఫీసర్ కమాండింగ్-ఇన్-చీఫ్' అధిపతి. ఫ్లాగ్ ఆఫీసర్ అంటే తన హోదాను తెలిపే ప్రత్యేక జెండా ఎగరేసుకునే అర్హత ఉన్న అధికారి, అంటే రియర్ అడ్మిరల్, ఆపై స్థాయివాడు. కమాండ్ అధిపతి కింద యుద్ధనౌకల సముదాయాన్ని సముద్రం మీద నడిపే ఫ్లీట్ కమాండర్, డాక్‌యార్డుకు అడ్మిరల్ సూపరింటెండెంట్, విమాన, జలాంతర్గామి స్థావరాలు, తీర రాష్ట్రాల బాధ్యులైన అధికారులు ఉంటారు. పల్సానా ఉన్న గుజరాత్ రాష్ట్రపు తీరం ముంబయి కమాండ్ పరిధిలోది, ఆంధ్ర తీరం విశాఖ కమాండ్ పరిధిలోది.

ఢిల్లీకీ కమాండ్‌లకూ మధ్య సంబంధాన్ని సూరత్ నేతగాళ్లకు పడుగు పేక అని చెప్తే చాలు: నౌకలు, సిబ్బంది, శిక్షణ, నిధులు అనే పడుగును ఢిల్లీ సాగదీసి బిగిస్తుంది, దాని మీద రోజువారీ గస్తీలు, విన్యాసాలు, పోరాటాలు అనే పేకను కమాండ్‌లు నేస్తాయి.

విశాఖ ఈ స్థాయికి చేరింది క్రమంగా. ఒకప్పుడు అక్కడ ఉన్నది తూర్పు తీరానికి బాధ్యుడైన కమోడోర్ ఒక్కడే, యుద్ధనౌకల బలమంతా బొంబాయి వైపే ఉండేది. 1967లో తొలి జలాంతర్గామి 'కల్వరి' చేరాక జలాంతర్గాములకు విశాఖే కేంద్రమైంది. 1968 మార్చి 1న తూర్పు, పశ్చిమ కమాండ్‌లు ఏర్పడ్డాయి. 1971లో తూర్పు కమాండ్ అధిపతి పదవి వైస్ అడ్మిరల్ స్థాయికి పెరిగింది. అదే ఏడాది నవంబరు 1న తూర్పు ఫ్లీట్ విడిగా ఏర్పడింది. నెల తిరిగేసరికి పాకిస్థాన్‌తో యుద్ధం వచ్చింది.

లండన్ చేసిన తప్పు, విశాఖలో నడిచిన ఉపాయం

దూరాన ఉన్న కార్యాలయం నౌకను నడపబోతే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రకారులు తరచుగా ఉదహరించేది 1942 జూన్ చివర సోవియట్ రేవులకు బయల్దేరిన పీక్యూ-17 వర్తక నౌకల బృందాన్ని. జర్మన్ యుద్ధనౌక 'తిర్‌పిట్జ్' దాడికి వస్తోందన్న అంచనాతో బ్రిటిష్ నౌకాదళాధిపతి డడ్లీ పౌండ్ లండన్ నుంచి నేరుగా, సముద్రం మీదున్న కమాండర్ల అభిప్రాయానికి చోటివ్వకుండా, నౌకలు చెల్లాచెదురు కావాలని ఆదేశించారు. తిర్‌పిట్జ్ వాటి మీదికి రానేలేదు; కాపు లేక విడివిడిగా మిగిలిన నౌకలను విమానాలు, జలాంతర్గాములు వేటాడాయి. బయల్దేరిన 35 వర్తక నౌకల్లో 24 మునిగిపోయాయి.

1971లో ఢిల్లీ వేరే దారి ఎంచుకుంది. నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎస్.ఎం.నందా తన పనిని ఒక గీత దగ్గర ఆపుకున్నారు: కరాచీ మీద దాడి చేస్తే రాజకీయంగా అభ్యంతరం ఉందా అని ప్రధాని ఇందిరాగాంధీని ముందే అడిగి, లేదని తెలుసుకుని, కమాండ్‌లకు స్వేచ్ఛ ఇచ్చారు. డిసెంబరు 4 రాత్రి 'నిపట్', 'నిర్ఘాత్', 'వీర్' క్షిపణి పడవలు కరాచీ మీద విరుచుకుపడిన ఆ దాడి జ్ఞాపకార్థమే ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరుగుతుంది.

తూర్పున పరిస్థితి మరింత చిక్కుగా ఉంది. విక్రాంత్‌ను వేటాడేందుకు పాకిస్థాన్ జలాంతర్గామి 'ఘాజీ' బంగాళాఖాతంలోకి వచ్చింది. అంతకు ముందు ఢిల్లీలో వైస్ చీఫ్‌గా పనిచేసి విశాఖకు వచ్చిన వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్, విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో మరుగుపరచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించే పన్నాగం పన్నారు. పాత విధ్వంసక నౌక 'రాజ్‌పుత్'ను విశాఖ తీరానికి దూరంగా పంపి, విమానవాహక నౌక మాత్రమే చేసేంత వైర్‌లెస్ సందడి దాని నుంచి చేయించారు. తల్లికి జబ్బుగా ఉందని విక్రాంత్ నావికుడు ఒకడు క్షేమసమాచారం అడుగుతున్నట్టుగా, రహస్య సంకేతాలు లేని మామూలు సందేశం ఒకటి గాలిలోకి వదిలారు. పెద్ద నౌక రాబోతోందన్న పుకారు ఊళ్లో పుట్టేలా మాంసం, కూరగాయలు భారీగా కావాలని గుత్తేదార్లకు పురమాయించారు. ఘాజీ విశాఖ దగ్గరికే వచ్చింది, డిసెంబరు 3-4 మధ్య రాత్రి అక్కడే మునిగిపోయింది. రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీల వల్లనే మునిగిందని భారత్, తన మందుపాతరే పేలి మునిగిందని పాకిస్థాన్ చెబుతూ వచ్చాయి; విశాఖ రామకృష్ణా బీచ్‌లో 1996లో వెలసిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఆ యుద్ధానికి గుర్తు.

కూరగాయల ఆర్డరు దాకా వెళ్లిన ఆ ఆలోచన ఢిల్లీ బల్ల మీద పుట్టేది కాదు. ఏ రేవులో ఏ కబురు ఎంత వేగంగా పాకుతుందో తెలిసినవాడికే అది తడుతుంది, తట్టినదాన్ని చేసే అధికారం అతనికి ముందే ఇచ్చి ఉంటేనే అది జరుగుతుంది.

అధికారానికి హద్దు, పదవికి జవాబు

అధిపతి పైకి చూస్తే ప్రభుత్వం, కిందికి చూస్తే నావికులు. ఇద్దరికీ జవాబు చెప్పాలి. డిప్యూటీ చీఫ్ నియామకం విషయంలో ప్రభుత్వ నిర్ణయాన్ని అమలుచేయనన్న వివాదంలో 1998 డిసెంబరు 30న అడ్మిరల్ విష్ణు భగవత్‌ను ప్రభుత్వం పదవి నుంచి తొలగించడం స్వతంత్ర భారతంలో ఒక దళాధిపతికి ఎదురైన తొలి తొలగింపు. అది పైవైపు హద్దు. 2013 ఆగస్టులో 18 మందిని బలిగొన్న 'సింధురక్షక్' జలాంతర్గామి పేలుడు నుంచి 2014 ఫిబ్రవరిలో 'సింధురత్న' జలాంతర్గామిలో జరిగిన ప్రమాదం దాకా వరుస దుర్ఘటనలకు నైతిక బాధ్యత వహిస్తూ అడ్మిరల్ డి.కె.జోషి 2014 ఫిబ్రవరి 26న రాజీనామా చేయడం కిందివైపు బాధ్యత. ఆ నౌకలను ఆయన నడపలేదు. కానీ బ్యాటరీలు ఎప్పుడు మార్చాలి, మరమ్మతు ఎప్పుడు చేయాలి అన్న యంత్రాంగానికి ఆయనే పెద్ద.

2008 నవంబరులో గుజరాత్ చేపల పడవ ఒకదాన్ని ఉగ్రవాదులు చేజిక్కించుకుని ముంబయి చేరాక ఈ కార్యాలయం భుజాల మీద ఇంకో బరువు పడింది. 2009లో తీరభద్రత సహా సముద్ర భద్రత మొత్తం బాధ్యతను నౌకాదళానికే అప్పగించారు. ముంబయి, విశాఖ, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లలో తీర రక్షక దళం, పోలీసులతో కలిసి పనిచేసే ఉమ్మడి కేంద్రాలు ఏర్పడ్డాయి. గురుగ్రామ్‌లోని కేంద్రం తీరం పొడవునా రాడార్లు పంపే చిత్రాన్ని ఒకచోట కూరుస్తుంది.

ఆ యంత్రాంగం పనితీరు 2023 డిసెంబరు 23న పోర్‌బందర్‌కు సుమారు 200 నాటికల్ మైళ్ల దూరాన 'కెమ్ ప్లూటో' ట్యాంకర్ మీద డ్రోన్ దాడి జరిగిన తర్వాత కనిపించింది. అరేబియా సముద్రంలోకి విధ్వంసక నౌకలు బయల్దేరాయి. 2024 జనవరిలో ఏడెన్ సింధుశాఖలో క్షిపణి తగిలి మంటల్లో చిక్కుకున్న 'మార్లిన్ లువాండా' ట్యాంకర్‌కు 'ఐఎన్ఎస్ విశాఖపట్నం' నావికులు వెళ్లి, 22 మంది భారతీయులున్న సిబ్బందితో కలిసి మంటలు ఆర్పారు. మార్చిలో భారత తీరానికి 2,600 కిలోమీటర్ల దూరాన 'ఐఎన్ఎస్ కోల్‌కతా' దాదాపు 40 గంటలు వెంటాడి 'రువెన్' నౌకను విడిపించి, 35 మంది సముద్రపు దొంగలను లొంగదీసి, 17 మందిని క్షేమంగా తీసుకొచ్చింది. అనుమతి, నౌకలు, విమానాలు పైనుంచి వచ్చాయి. ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు ఆగాలి అన్నది నౌక మీదే తేలింది.

రాబోయే పరీక్ష

2020 జనవరి 1న తొలి త్రివిధ దళాధిపతి పదవి చేపట్టిన తర్వాత, మూడు దళాల బలగాలను భౌగోళిక ప్రాంతాల వారీగా ఉమ్మడి కమాండ్‌ల కిందికి తేవాలన్న చర్చ ఊపందుకుంది. 2023లో ఉమ్మడి సంస్థల అధిపతులకు మూడు దళాల సిబ్బందిపై క్రమశిక్షణాధికారం ఇస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ఉమ్మడి కమాండ్‌ల ఆలోచన పూర్తిగా అమలైతే యుద్ధ నిర్వహణ ఉమ్మడి కమాండర్ల చేతికి వెళ్లి, నౌకాదళాధిపతికి దళాన్ని తయారుచేయడం, శిక్షణ ఇవ్వడం, పోషించడం మిగులుతాయి. అమెరికాలో 1958 చట్టం తర్వాత నౌకాదళాధిపతికి ఉన్నది ఆ పాత్రే.

ఈ మార్పును హోదాల తగాదాగా చూసేవారున్నారు. 1946 నుంచి 1971 దాకా, 1971 నుంచి నేటి దాకా భారత నౌకాదళ అనుభవం చెప్పేది వేరు. ప్రధాన కార్యాలయం తడబడిన ప్రతిసారీ కారణం దాని అధికారం తక్కువ కావడం కాదు, కిందివారి గురించి దానికి తెలియకపోవడం. అది గెలిచిన ప్రతిసారీ కారణం సరైన మనిషిని సరైన రేవులో కూర్చోబెట్టి, కావలసినవి అమర్చి, ఆ తర్వాత అడ్డు రాకపోవడం. ఉమ్మడి కమాండ్‌లు వచ్చినా రాకపోయినా, ఎన్ని ఆదేశాలు ఇచ్చింది అన్నది నౌకాదళ ప్రధాన కార్యాలయానికి కొలమానం కాదు; అడగకుండానే సరిగా నిర్ణయించగల అధికారులను ఎంతమందిని తయారుచేసింది అన్నదే కొలమానం.